కళ్ళజోడు దొరికేదాకా

నార్వేలోని ర్యూకన్ పట్టణం ఇరుకైన లోయ అడుగున ఉంది. కొండల చాటున పడి ఏటా దాదాపు ఆరు నెలలు ఆ ఊరు ఎండ ముఖమెరుగదు. (2013లో కొండమీద పెద్ద అద్దాలు నిలిపి, ఊరి కూడలిలోకి కాస్త ఎండను రప్పించుకున్నారు.) నీటికి మాత్రం కొదవలేదు. 104 మీటర్ల ర్యూకన్ జలపాతపు నీటిని గొట్టాలలోకి మళ్ళించి 1911లో వేమోర్క్ జలవిద్యుత్కేంద్రాన్ని నెలకొల్పారు. 108 మెగావాట్ల ఆ కేంద్రం ఆనాడు ప్రపంచంలోకెల్ల పెద్దది. ఆ విద్యుత్తుతో గాలిలోని నత్రజనిని పట్టి పైర్లకు ఎరువు చేశారు.

1971లో యంత్రాలు ఆగిపోయాయి. 1988నుంచి అది పారిశ్రామిక కార్మికుల మ్యూజియం. అగాధంమీది వేలాడే వంతెన దాటి వెళ్ళిన సందర్శకులకు కోటను తలపించే రాతిభవనం, అందులో బారులుతీరిన జనరేటర్లు కనిపిస్తాయి. అయితే చాలామంది వచ్చేది పక్కనే ఉన్న నేలమాళిగను చూడడానికి.

ఎరువులకు కావలసిన హైడ్రోజన్ కోసం అక్కడ నీటిని విద్యుత్తుతో విడగొట్టేవారు. 1934నుంచి ఆ పనిలోనే భారజలాన్నికూడా వేరుచేయసాగారు. 1940లో నార్వే జర్మనుల వశమైంది. భారజలం అణ్వస్త్రానికి దారితీస్తుందేమోనని మిత్రరాజ్యాలు భయపడ్డాయి. 1942 నవంబరులో బ్రిటిష్ సైనికులను గ్లైడర్లలో పంపిన ప్రయత్నం విఫలమై 41 మంది మరణించారు.

1943 ఫిబ్రవరి 27 రాత్రి తొమ్మండుగురు నార్వేజియన్లు వచ్చారు. వంతెనమీద కాపలా ఉన్నందున అగాధంలోకి దిగి, గడ్డకట్టిన నదిని దాటి, అవతలి గట్టు ఎక్కారు. నేలమాళిగలో మందుగుండు అమర్చి వత్తి ముట్టించబోయే సమయాన, అక్కడ చిక్కుకున్న నార్వేజియన్ కాపలాదారు తన కళ్ళజోడు కనిపించడంలేదన్నాడు. యుద్ధకాలంలో కొత్తది దొరకడం దుర్లభం. ప్రాణాలకు తెగించి వచ్చినవారు ఆగి, దానిని వెదికి ఇచ్చి, అతనిని పారిపొమ్మన్నారు. సుమారు 500 కిలోల భారజలం నేలపాలైంది. ఒక్క తూటా పేలలేదు.

కర్మాగారాన్ని జర్మనులు మళ్ళీ నడిపించారు. 1943 నవంబరులో అమెరికన్ విమానాలు బాంబులు కురిపించగా ఇరవైమందికి పైగా పౌరులు చనిపోయారు. మిగిలిన భారజలాన్ని జర్మనీకి తరలిస్తున్న పడవను 1944 ఫిబ్రవరి 20న టిన్ సరస్సులో ముంచివేశారు. ప్రయాణికులు తక్కువగా ఉండే ఆదివారమే అయినా, ముందుగా ఎవరినీ హెచ్చరించే వీలులేకపోయింది. 14 మంది నార్వేజియన్లు, నలుగురు జర్మనులు జలసమాధి అయ్యారు. జర్మనులు అణుబాంబుకు చాలా దూరంలోనే ఉన్నారని యుద్ధానంతరం తేలింది. ఆ రాత్రి వత్తి ముట్టించినవారికి అది తెలిసే దారి ఏది?

భారజలం తయారైన భవనాన్ని 1977లో కూల్చివేశారు. నేలలో పూడిపోయిన మాళిగను ఇటీవలి సంవత్సరాలలో తవ్వితీసి జనానికి చూపుతున్నారు. పడవ ఇంకా సరస్సు అడుగున, సుమారు 430 మీటర్ల లోతున ఉంది.