బెండకాయ అచ్చులూ, నాన్నల డెలివరబుల్సూ

నెలనెలా ఇంటికొచ్చే యాక్టివిటీ బాక్సుల మీద నాకో పేచీ ఉంది. మా టీములో చిన్నపిల్లలున్న వాళ్ళలో సగం మంది వాటికి చందా కట్టినవాళ్ళే. డబ్బాలో ముందే కత్తిరించిన ఏనుగు చెవులుంటాయి, ముందే జిగురు రాసిన కళ్ళుంటాయి, ఏది ఎక్కడ అతికించాలో బొమ్మలతో చూపించే కాగితం ఉంటుంది. రెండేళ్ళ పిల్లకి మిగిలిన పనల్లా వేలు పెట్టి నొక్కడం. దీన్ని క్రాఫ్ట్ అంటే, ఎవరో రాసిన కోడుకి ఎంటర్ కొట్టి నేనే రాశానని చెప్పుకున్నట్టే. (ఈమధ్య అదీ చేస్తున్నాం లెండి, అది వేరే గొడవ.)

డబ్బు గురించి కాదు నా బాధ. ఆ వయసు పిల్లలకి కావలసింది తయారైన వస్తువు కాదు, తయారు చేసేటప్పటి గోల. మనకేమో గోల వద్దు, వస్తువు కావాలి. ఎందుకంటే వస్తువైతే ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవచ్చు. రెండు వారాలకోసారి డెమో ఇచ్చీ ఇచ్చీ, ఆదివారం పూట పిల్లతో కూర్చున్నా చివర్లో ఒక డెలివరబుల్ ఉండాలనే జబ్బు పట్టుకుంది మన జనాలకి.

అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో స్ట్రాంగ్ మ్యూజియం ఉంది. గొప్ప బొమ్మలకి గౌరవం ఇచ్చే నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్ అందులోదే. బార్బీలూ, లెగోలూ ఉన్న ఆ జాబితాలోకి 2005లో మామూలు అట్టపెట్టెని చేర్చారు. 2008లో కర్రపుల్లని, 2011లో దుప్పటిని! తాటిముంజెలు తినేసి, మిగిలిన బుర్రలకి కర్ర గుచ్చి బండి తోలిన మన ఊళ్ళ పిల్లలకి ఈ మాట చెప్పడానికి మ్యూజియం అక్కర్లేదనుకోండి.

ప్లే-డో సంగతి ఇంకా తమాషా. అది మొదట్లో ఆటవస్తువే కాదు, గోడలకి అంటించే కాగితం మీద బొగ్గు మసి తుడవడానికి సిన్సినాటి కంపెనీ ఒకటి అమ్మిన పిండిముద్ద. బొగ్గు పొయ్యిలు పోయాక దాన్ని కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ముద్దతో చిన్నపిల్లల బడిలో బొమ్మలు చేయించవచ్చని ఒక టీచరమ్మ కనిపెట్టింది. 1956 నుంచి అదే సరుకు బొమ్మల షాపుల్లోకొచ్చింది. మనం దాన్ని డబ్బాల్లెక్కన కొంటున్నాం, పక్కనే వంటింట్లో అమ్మ చపాతీలకి ముద్ద కలుపుతుంటే.

మన ఇంజనీర్లకి దగ్గరివాడు ఇంకొకాయన ఉన్నాడు. అరవింద్ గుప్తా 1975లో ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ పూర్తి చేసి, పుణెలో ట్రక్కుల కంపెనీలో చేరాడు. 1978లో సెలవు పెట్టి, మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో పల్లెటూరి బడుల సైన్సు కార్యక్రమానికి వెళ్ళాడు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి ఆకారాలు చేయించడం ఆయన పద్ధతే. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బొమ్మలు కాస్త పెద్దపిల్లలకి, మన బుడతలకి కావు. కానీ ఆయన చెప్పే విషయం ఒకటి బుడతలకీ వర్తిస్తుంది. బొమ్మని విరగ్గొట్టి చూసే స్వేచ్ఛ పిల్లలకి ఉండాలి. పదిహేను వందలు పోసి కొన్నదాన్ని విరగ్గొడుతుంటే చూస్తూ ఊరుకునే తండ్రి ఎవడండీ? అదే బెండకాయైతే?

బెండకాయ దగ్గరికే వద్దాం. కూరకి తరిగేటప్పుడు తొడిమ వైపు ముక్క పారేస్తాం కదా, కోసిన వైపు చూడండి, అయిదు రేకుల పువ్వు. మూకుడులో బీట్‌రూట్ నీళ్ళు పోసి, పాత గుడ్డ ముక్క వేసి తడిపితే అదే స్టాంపు ప్యాడు. మా రెండున్నరేళ్ళ పిల్ల మొదటి అచ్చు కాగితం మీద, రెండోది నేల మీద, మూడోది నా లాప్‌టాప్ మూత మీద వేసింది. ఆ తర్వాత ముక్కని నమిలేసింది. అదీ ప్రాజెక్టులో భాగమే! ఉల్లిపాయ అడ్డంగా కోస్తే వలయాలొస్తాయి. బంగాళాదుంప సగానికి కోస్తే ఏమీ రాదు, ఒట్టి మచ్చ. దానికి అన్నిటికన్నా అదే నచ్చింది, ఎందుకో నన్నడక్కండి.

ఇంకోటి, పసుపు నీళ్ళు. కాగితమంతా పసుపు పూసి ఆరనివ్వండి. దాని మీద వేలితో సబ్బు నీళ్ళు రాస్తే ఎర్రగా మారుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. ఇందులో కొత్తేం లేదు, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ, పెళ్ళికూతురి పారాణీ ఈ లెక్కే. కాకపోతే అక్కడ సున్నం వేస్తారు. పిల్లల దగ్గర సున్నం ముట్టుకోవద్దు, కళ్ళల్లో పడితే ప్రమాదం. సబ్బు చాలు.

ప్రమాదం మాటొచ్చింది కాబట్టి, ఇంట్లో వస్తువులన్నీ మంచివే అనేవాళ్ళతో నాకు సరిపడదు. అమెరికా బొమ్మల నిబంధనల్లో ఒక గొట్టం ఉంటుంది, వెడల్పు 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసేదేదీ మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు. మన పది రూపాయల బిళ్ళ 2.7 సెంటీమీటర్లే. ఇక చింతపిక్కలు, బొత్తాలు, శనగల సంగతి మీరే ఊహించుకోండి. గురివింద గింజలు అసలే విషం. రిమోట్లలో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. డబ్బులిచ్చి కొన్న బొమ్మలకైతే 2021 జనవరి నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మనం ఇంట్లో చేసేవాటికి ఆ గుర్తు మనమే. అంటే పక్కనే కూర్చోవాలి, ఫోను పక్కన పెట్టి.

అసలు కష్టమంతా అక్కడే! డబ్బా కొనేది బొమ్మ కోసం కాదు, పక్కన కూర్చోకుండా తప్పించుకోవడానికి. రెండేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని, ఇంకా తక్కువైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను మానిపించడానికి డబ్బా కొంటాం, డబ్బా పిల్ల ముందు పెట్టి ఫోను మనం తీస్తాం.

దీనికి తోడు ప్లేస్కూళ్ళు. మా పిల్ల వెళ్ళే చోట "రేపటికి సీతాకోకచిలుక చేసి పంపండి" అని రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ వస్తుంది. పిల్ల తొమ్మిదింటికి పడుకుంటుంది. పదకొండింటికి ఇద్దరు బీటెక్‌లు గ్లిట్టర్ చల్లుతుంటారు. మర్నాడు గోడ మీద పిల్ల పేరుతో అది వేలాడుతుంది. మా ఆవిడ ఈమధ్య, పిల్ల చింపి ముద్ద చేసిన బ్రౌన్ కాగితాన్నే "సీతాకోకచిలుక" అని చీటీ రాసి పంపింది. మేడమ్ గారు గోడకి పెట్టలేదు. నేను మా ఆవిడ పక్షమే.

ఒక్క విషయంలో మాత్రం మా అమ్మ మాటే చెల్లింది. బియ్యానికి రంగులేసి పళ్ళెంలో పోసి ఆడించమని వీడియోలన్నీ చెబుతాయి. "అన్నం తొక్కించి ఆట నేర్పుతావురా?" అంది. వాదిస్తే బెండకాయ తినేది కాదా అనొచ్చు. కానీ పారేసే తొడిమ వేరు, వండుకునే గింజ వేరు, ఆ తేడా నాకూ తెలుసు. అందుకని పక్క సందులో కడుతున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నడిగి ఒక బకెట్ ఇసుక తెచ్చాను. జల్లెడ పట్టి, కడిగి, బాల్కనీలో రెండ్రోజులు ఎండబెట్టాం. జల్లెడ పట్టడమే దానికి ఇసుక కన్నా ఎక్కువ నచ్చింది. ఇప్పుడు వంటింట్లో జల్లెడ లేదు.