ఆపమంటే ఆపాలి, పడుకోకూడదు!

సాయంత్రం క్యాబ్ టైమవుతుంది. షట్‌డౌన్ నొక్కి, మూత మూసి, ల్యాప్‌టాప్‌ని బ్యాగులో పడేస్తాం. పొద్దున్న తెరిస్తే "ఫలానా ప్రోగ్రామ్ షట్‌డౌన్ కానివ్వట్లేదు" అనే తెర! సగంలో ఉండగా మూత మూశామని మెషీన్ హాయిగా నిద్రపోయింది. రాత్రంతా బ్యాటరీ తాగుతూనే ఉంది.

"రెండు నిమిషాలు ఆగి మూయొచ్చుగా" అంటారు కొందరు. ఎందుకాగాలండీ? ముందు చెప్పింది షట్‌డౌన్. దానికి సరే అన్నాక మూత మూయడం కొత్త ఆర్డరు ఎలా అవుతుంది? తాళం వెయ్యమంటే తలుపు దగ్గరికేసి ఊరుకున్నట్టుంది!

ఒక్క బ్యాటరీ గొడవే అయితే నేనూ ఊరుకుందును. నిద్రలో ర్యామ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది, మీ డిస్కు ఎన్‌క్రిప్షన్ కీ అందులోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ర్యామ్ చిప్పుల్ని చల్లబరిచి మరీ అలాంటి కీలు బయటికి లాగి చూపించారు. ఆ బ్యాగు క్యాబులో మర్చిపోతే? మీరు ఆపేశాననుకున్న మెషీన్ ఆగనే లేదు.

ఇందులో సగం పాపం మన ప్రోగ్రామర్లదే. విస్టా నుంచీ ఏ ప్రోగ్రామైనా మొరాయిస్తే విండోస్ ఆ తెర పెట్టి యూజర్ని అడుగుతుంది. యూజరేమో క్యాబులో ఉంటాడు! "సేవ్ చెయ్యమంటారా?" అని అడ్డంగా కూర్చునేది మనం రాసిన కోడే. డ్రాఫ్టు ఎక్కడో దాచేసి తప్పుకుంటే మన సొమ్మేం పోయింది?

"సెట్‌థ్రెడ్‌ఎగ్జిక్యూషన్‌స్టేట్ ఉందిగా" అంటారేమో. అది ఖాళీగా ఉంటే వచ్చే నిద్రని ఆపుతుందే గానీ మూత మూస్తే వచ్చే నిద్రని కాదు. లినక్స్‌లో సిస్టమ్‌డీ అయితే మూత స్విచ్చిని కాసేపు పట్టించుకోకుండా ఉండే వీలు విడిగా ఇచ్చింది. అంటే చెయ్యలేనిదేం కాదు, చెయ్యాలనే లేదు.

"మూసిన బ్యాగులో నడుస్తుంటే వేడెక్కదా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే గడువు పెట్టమంటున్నా. రెండు నిమిషాల్లో షట్‌డౌన్ అవ్వకపోతే హైబర్నేట్ చెయ్యండి. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి పవర్ ఆపేస్తుంది. పనీ పోదు, బ్యాగూ కాలదు, కీ కూడా ర్యామ్‌లో కూర్చోదు.

ఆ బుద్ధి వాళ్ళకి పుట్టేదాకా, పవర్ సెట్టింగుల్లో మూత మూస్తే హైబర్నేట్ అని పెట్టుకోండి. రేపు మీ ప్రోగ్రామ్‌కి షట్‌డౌన్ కబురొస్తే మాత్రం దయచేసి అడ్డంపడకండి బాబూ :)