పాత బుల్డోజరు: పునర్నిర్మాణమా, వీడ్కోలా?

బడ్జెట్ అంచనాలు సిద్ధమయ్యే రోజుల్లో ప్రతి ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులోనూ ఒక చర్చ తప్పనిసరిగా జరుగుతుంది. పదేళ్ళకు పైబడి పనిచేసిన బుల్డోజరు ఒకటి షెడ్డు మూలన నిలబడి ఉంటుంది. దానిని సర్వే ఆఫ్ చేసి కొత్తది కొనాలా, లేక తయారీదారు డీలరుకు అప్పగించి ఆమూలాగ్రం పునర్నిర్మింపజేయాలా అన్నది ప్రశ్న. "ఇంకా నాలుగేళ్ళు లాగుతుంది" అనేవారు కొందరు. "ముసలి యంత్రం మీద డబ్బు పోయడం దండుగ" అనేవారు మరికొందరు. ఇరువురి మాటల్లోనూ అనుభవం ఉంది. కాని కోట్ల రూపాయలతో ముడివడిన నిర్ణయానికి అనుభవంతో పాటు కొలతలూ, లెక్కలూ కావాలి. ఈ నెల ఈ శీర్షికలో ఆ విషయమే పరిశీలిద్దాం.

ఇంటివద్ద ఈ పత్రికను చదివే కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. బొగ్గు పొరపై నుండి తొలగించిన మట్టిని, రాయిని డంపర్లు తెచ్చి డంపు మీద పోస్తే, దానిని అంచు వరకు నెట్టి చదును చేసేది బుల్డోజరు. వెనుకనున్న రిప్పరుతో గట్టి నేలను చీల్చేదీ అదే. మన దేశంలో 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ, జపాను దేశపు కొమాట్సు సాంకేతిక సహకారంతో ఈ యంత్రాలను కోలారు బంగారు గనుల ప్రాంతంలో తయారు చేయనారంభించింది. 320 అశ్వశక్తి గల బీడీ 155, 410 అశ్వశక్తి గల బీడీ 355 మన గని కార్మికులకు చిరపరిచితాలు.

మీటరు గంటలు వయస్సు కావు

యంత్రం వయస్సును మనం సాధారణంగా అవర్ మీటరు చూసి చెబుతాము. ఇది పూర్తిగా సరికాదు. ఒకేనాడు కొన్న రెండు డోజర్లను ఊహించుకోండి. రెండింటి మీటర్లూ ఒకే అంకెను చూపుతున్నాయి. ఒకటి తన జీవితమంతా డంపు మీద వదులు మట్టిని నెట్టింది. రెండవది గట్టి ఇసుకరాతిని రిప్పరుతో చీల్చింది. మొదటిదాని ప్రధాన ఫ్రేము దాదాపు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. రెండవదానికి రిప్పరు బిగించే చోట, ట్రాక్ ఫ్రేములు కలిసే చోట పగుళ్ళు వచ్చి, వాటిపై వెల్డింగు, ఆ వెల్డింగు మీద మరల వెల్డింగు పడి ఉండవచ్చు. మొదటిది పునర్నిర్మాణానికి అర్హమైనది. రెండవదానిపై పెట్టే ప్రతి రూపాయీ అనుమానాస్పదమే.

పునాది, గోడలు గట్టిగా ఉన్న పాత ఇంటికి కొత్త కప్పు వేయించడం తెలివైన పని. పునాది కుంగిన ఇంటికి రంగులు వేయించడం కాదు. ఇంజను, టార్క్ కన్వర్టరు, ట్రాన్స్‌మిషన్, ఫైనల్ డ్రైవులు ఇవన్నీ విడదీసి మార్చదగినవి. ఫ్రేము మాత్రం యంత్రానికి పునాది. కావున మొదటి పరీక్ష ఫ్రేముకే జరగాలి. రంగు, గ్రీజు పూర్తిగా తొలగించి, అనుమానమున్న చోట్ల డై పెనిట్రెంట్ లేదా మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష, లోపలి లోపాలకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి. పిన్నులు కూర్చునే రంధ్రాల అరుగుదలను కొలవాలి.

ఇందుకు భిన్నంగా, చూడగానే అందరి కంటికీ ఆనేది అరిగిపోయిన ట్రాకు. డోజరు మరమ్మతు ఖర్చులో దాదాపు సగం అండర్‌క్యారేజీదే. అయినా చెయిన్లు, రోలర్లు, స్ప్రాకెట్లు అరిగినంత మాత్రాన యంత్రం ముసలిదైందనుకోరాదు. చెప్పులు అరిగాయని కాళ్ళను వదులుకోము కదా! నిజమైన ఆరోగ్యం తెలియాలంటే నూనె పరీక్షల నివేదికలు తిరగవేయాలి. ఫైనల్ డ్రైవు నూనెలో ఇనుముతో పాటు సిలికాన్ కూడా పెరుగుతుంటే, సీళ్ళు దెబ్బతిని దుమ్ము లోపలికి చేరుతున్నదని గ్రహించవచ్చు.

లెక్క చూద్దాం

కొత్త యంత్రం ధరను 100 అనుకుందాం. అది 15,000 గంటలు పనిచేస్తుందనుకుందాం. డీలరు పునర్నిర్మాణానికి 55 అడిగి, ఆపై 8,500 గంటలు పనిచేస్తుందని చెబుతున్నాడనుకుందాం. ఇవి కేవలం ఉదాహరణకై తీసుకున్న అంకెలు. వెయ్యి గంటలకు కొత్తదానికి పడే ఖర్చు 6.67. పునర్నిర్మించిన యంత్రానికి 6.47. పాతదే లాభమని ఫైలు ముందుకు కదులుతుంది.

కాని ఇక్కడ ఒక అంశం తరచుగా మరుగున పడుతుంది. పాత యంత్రాన్ని వేలం వేస్తే 8 వచ్చేదనుకోండి. పునర్నిర్మించడమంటే ఆ 8ని వదులుకోవడమే. అప్పుడు అసలు ఖర్చు 63. వెయ్యి గంటలకు 7.41. ఇప్పుడు కొత్తదే లాభం. ఏనాటికో రెండింటికీ అంతే తుక్కు ధర వస్తుందని లెక్కలో చేర్చినా ఈ ఫలితం మారదు.

అంతమాత్రాన కొత్తది కొనడమే ఎల్లప్పుడూ మేలని కాదు. ఒకేసారి పెద్ద మొత్తం వెచ్చించనందున ఆదా అయ్యే వడ్డీ, ఇప్పటికే స్టోర్సులో ఉన్న స్పేర్ పార్టులు, ఆ నమూనాపై మన మెకానిక్కులకున్న పట్టు పునర్నిర్మాణం వైపు మొగ్గుతాయి. ఇంధన వినియోగం, బ్రేక్‌డౌన్ గంటలు కొత్తదాని వైపు మొగ్గుతాయి. తక్కెడ ఇంత సున్నితంగా ఉన్నప్పుడు 8,500 గంటలన్న అంకెను నమ్మదగునా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పేది మరల ఆ ఫ్రేమే.

డీలరుతో వ్యవహారం

డీలరు ద్వారా పునర్నిర్మాణమంటే సాధారణ ఓవర్‌హాల్ కాదు. ఉదాహరణకు క్యాటర్‌పిల్లర్ సంస్థ తన డీలర్ల ద్వారా జరిపే సర్టిఫైడ్ పునర్నిర్మాణంలో 350కి పైగా పరీక్షలు, తనిఖీలు ఉంటాయి. సుమారు 7,000 భాగాలను స్థితితో నిమిత్తం లేకుండా మారుస్తారు. అసలైన విడిభాగాలు, తయారీదారు కొలతలు, పరీక్షా పరికరాలు ఒకేచోట లభించడం ఈ పద్ధతిలోని బలం. పోటీ ధరలు లేకపోవడం బలహీనత. ఒకే డీలరుకు పని అప్పగించేటప్పుడు ప్రొప్రయిటరీ సర్టిఫికెట్టు, ధర సమంజసమేననే సమర్థన ఫైలులో స్పష్టంగా ఉండాలి. విజిలెన్సుకు భయపడి కాదు, మనకే తెలియాలి గనుక.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ జాబితాలో డోజరు విప్పి చూడడాన్ని కూడా చేర్చవచ్చు. విప్పిన తరువాత అనుబంధ అంచనాలు ఒకదాని వెంట ఒకటి రావడం పరిపాటి. కావున పనిని రెండు దశలుగా విభజించడం మేలు. మొదటి దశలో నిర్ణీత రుసుముపై యంత్రాన్ని విప్పి, కడిగి, కొలిచి నివేదిక ఇవ్వాలి. ఆ సమయంలో మన ఇంజనీరు అక్కడే ఉండాలి. నివేదిక అనుకూలంగా లేకుంటే అక్కడితో ఆగే హక్కు మనకుండాలి. రెండవ దశ ఒప్పందంలో తప్పక మార్చే భాగాలు, కొలిచి నిర్ణయించే భాగాలు వేర్వేరుగా వ్రాయించి, మొత్తం ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టాలి. మార్చిన పాత భాగాలు ఎవరికి చెందుతాయో, వారంటీ ఏ అసెంబ్లీకి ఎన్ని గంటలో, ఆలస్యానికి జరిమానా ఎంతో ముందే తేల్చుకోవాలి.

యంత్రాన్ని తిరిగి స్వీకరించేటప్పుడు తళతళలాడే పసుపు రంగును చూసి సంతకం చేయరాదు. పైన పటారం, లోన లొటారం అయితే నష్టం మనదే. డైనమోమీటరుపై ఇంజను పరీక్ష, టార్క్ కన్వర్టరు స్టాల్ పరీక్ష, హైడ్రాలిక్ పీడనాల నమోదు, వాలుపై నిలిపి బ్రేకు పరీక్ష, ఆపై నిండు బరువుతో పని పరీక్ష జరగాలి.

లెక్కకు లొంగనిది

డంపు అంచున డోజరు నడిపే ఆపరేటరుకు ఈ అంకెలతో పని లేదు. బ్రేకు పట్టాలి, స్టీరింగు వినాలి, యంత్రం బోల్తా పడితే తలపైనున్న రోప్స్ చట్రం తనను కాపాడాలి. ఒకసారి బోల్తాలో వంగిన రోప్స్‌ను సాగదీసి, అతికించి వాడరాదు. అనుమతి లేకుండా దానికి రంధ్రం వేసినా, వెల్డింగు చేసినా దాని ధ్రువీకరణ చెల్లదు. వేడి టర్బోచార్జరు దగ్గర పాత హైడ్రాలిక్ గొట్టం పగిలితే మంటలు లేవడానికి క్షణం చాలు. అందువలన గొట్టాలు, వైరింగు, అగ్నిమాపక వ్యవస్థ, సీటు బెల్టు ఇవన్నీ పునర్నిర్మాణంలో కొత్తవే ఉండాలి. ఖర్చు తగ్గించడానికి ముందుగా కొట్టివేసే వరుసలు సాధారణంగా ఇవే. మూడవ షిఫ్టు ముగించుకొని వచ్చే మనిషి కోసం ఇంట్లో ఎదురుచూసేవారుంటారు. ఈ వరుసలు కొట్టివేస్తే తప్ప లెక్క కుదరని యంత్రాన్ని పునర్నిర్మించరాదు. దానిని సాగనంపడమే న్యాయం.

అన్నింటికంటె ఖరీదైనది ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం. షెడ్డులో నిలబడిన డోజరు నుండి ఒక భాగం ఈ యంత్రానికి, మరొకటి ఆ యంత్రానికి తరలిపోతుంది. ఏడాది తిరిగేసరికి పునర్నిర్మించడానికి ఏమీ మిగలదు, వేలంలో ధరా పలకదు. యంత్రం నడుస్తుండగానే, ఇంజను పట్టివేయకముందే తనిఖీ చేయించి, ఫలితమేదైనా ఆ ఆర్థిక సంవత్సరంలోనే నిర్ణయం తీసుకోవాలి. ఆ తనిఖీకి తొలి ఆధారం ఆపరేటరు లాగ్‌బుక్కు. "ఎడమ స్టీరింగు బరువుగా ఉంది" అని ఆయన వ్రాసిన ఒక్క వాక్యం ఎన్నో పరీక్షలకు దారి చూపుతుంది. దానిని వ్రాయడం ఆపరేటరు బాధ్యత. చదవడం మన బాధ్యత.

వచ్చే నెల అండర్‌క్యారేజీ అరుగుదలను కొలిచే విధానం గురించి తెలుసుకుందాం.