చెరువు పేరు చెప్పినా వినాల్సిందే



చెరువులు బతకాలని కోరేవాళ్లలో నేనూ ఒకణ్ణి. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో అపార్టుమెంట్లు కట్టి అమ్ముకున్నవాళ్ల మీద నాకేమీ జాలి లేదు. అయినా 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన బుల్‌డోజర్ తీర్పుకు కొందరు చెబుతున్న అర్థం నాకు మింగుడుపడడం లేదు.

కూల్చే ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వాలని, యజమాని చెప్పేది విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలని, ఆ తర్వాత మరో 15 రోజులు ఆగాలని జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఆదేశించారు. పాత తేదీలు వేసే అలవాటు తెలిసే కాబోలు, నోటీసు ఇచ్చిన వెంటనే కలెక్టరు ఆఫీసుకు ఈమెయిల్ వెళ్లాలని కూడా అన్నారు. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల్లోని అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవన్నారు. ‘చెరువు కదా, నోటీసెందుకు?’ అనేవాళ్లు ఆ వాక్యాన్నే పట్టుకున్నారు.

ఇల్లు చెరువులో ఉందా, గట్టు అవతల ఉందా అన్నదే తగువైతే? తుది నోటిఫికేషన్ రాకుండా ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిన హద్దును చూపించి, ఆ హద్దు గీసినవాళ్లే జేసీబీ తీసుకొస్తే ఇక వినేదెవరు?

లండన్‌లో 1863లో తీర్పు వచ్చిన కూపర్ కేసు ఇలాంటిదే. ముందుగా నోటీసివ్వకుండా ఇల్లు మొదలుపెట్టాడని వాండ్స్‌వర్త్ బోర్డు పొద్దుపోయాక మనుషుల్ని పంపి, రెండో అంతస్తుకు లేచిన గోడల్ని పడగొట్టించింది. కూల్చే అధికారం బోర్డుకు చట్టమే ఇచ్చింది. యజమానిని పిలిచి అడగాలన్న మాట మాత్రం అందులో లేదు. అయినా జడ్జీలు కూపర్‌నే గెలిపించారు. చట్టం వదిలేసిన ఖాళీని కామన్ లా పూరిస్తుందన్నారు. ఒక మాట వింటే బోర్డుకు పోయేదేముందని కూడా అడిగారు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ కూల్చివేత మీద మన హైకోర్టు, ఆదివారం నాడు అంత తొందరేమిటని చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా కమిషనర్‌ను నిలదీసింది కూడా ఇందుకే.

నీళ్లలో పిల్లర్లు లేపుతుంటే ఆ పూటే పని ఆపించండి, ఎవరూ కాదనరు. కాపురమున్న ఇంటి సంగతి వేరు. తుది ఎఫ్‌టీఎల్ మ్యాపును సర్వే నంబర్లతో సహా తహసీల్దారు ఆఫీసులో అంటించి, అభ్యంతరాలు విన్నాకే యంత్రాలు కదలాలని ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఆ ఇంటికి పర్మిషన్ ఇచ్చిన అధికారి ఎవరో కూడా ఆ విచారణలోనే తేల్చాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్