మన కొండ మీది టవర్ ఎందుకు పీ-4 అవుతోంది?



సెలవులకి ఊరెళ్ళిన ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటే: "టవర్ ఉంది, సిగ్నల్ లేదు." మొన్న వానల్లో మా వైపు టవర్ 11 రోజులు పడుకుంది. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడదు, స్కాలర్‌షిప్‌కి ఓటీపీ రాదు. పురిటి నొప్పులొస్తే 108కి ఫోన్ చెయ్యడానికి ఎవరో ఒకరు గట్టు ఎక్కాలి. టవర్ కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టాం, మంచిదే. 2022 జూలైలో కేంద్రం సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. కానీ వేసిన టవర్ నడుస్తోందో లేదో చూసేది ఎవరు, ఏ లెక్కన చూస్తారు అన్నది మనం అడగలేదు.

మాలో కొందరం హైదరాబాద్‌లో టెలికాం కంపెనీలకి ఐటీ సర్వీసు ఇచ్చే ప్రాజెక్టుల్లో ఉన్నాం. దాన్ని సర్వీస్ డెలివరీ అంటారు. కోడ్ రాయడం కాదు, నడుస్తున్నది ఆగకుండా చూడటం, ఆగితే ఎవరు ఎంతసేపట్లో లేపాలో చూడటం. ఇలా పని బయటికివ్వడం కొత్త కాదు. ఎయిర్‌టెల్ 2004లోనే తన ఐటీని పదేళ్ళకి ఐబీఎంకి అప్పజెప్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చింది హైబ్రిడ్ క్లౌడ్. సొంత పొలం కొంత, కౌలు పొలం కొంత చేసినట్టన్నమాట. కస్టమర్ల వివరాల్లాంటివి సొంత డేటా సెంటర్‌లో ఉంచుకుంటారు, పండక్కి రద్దీ పెరిగే రీఛార్జ్ యాప్ లాంటివి అద్దె క్లౌడ్‌లో పెడతారు.

చిక్కు పొలిమేరలో వస్తుంది. మీరు రీఛార్జ్ చేశారు, డబ్బు పోయింది, బ్యాలెన్స్ రాలేదు. క్లౌడ్ టీమ్‌ని అడిగితే "మా వైపు అంతా గ్రీన్." డేటా సెంటర్ టీమ్‌ని అడిగితే "మా వైపూ గ్రీనే." రెండిటి మధ్య లింకు ఎవరిదో తేలే లోపు తెల్లారిపోతుంది. వాళ్ళందర్నీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి తేల్చడమే మా ఉద్యోగం.

2022 జూలై 8న కెనడాలో రోజర్స్ కంపెనీ అప్‌గ్రేడ్ చేస్తూ రౌటర్‌లో ఒక ఫిల్టర్ తీసేసింది. కోటీ 20 లక్షల మందికి పైగా ఫోను, నెట్టు పోయాయి. చాలామందికి ఎమర్జెన్సీ నంబరు 911 కూడా అందలేదు. బాగుచెయ్యాల్సిన ఇంజనీర్లు మాట్లాడుకోవడానికి కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉన్నారు, అదే లేదు. దేశమంతా గగ్గోలు పుట్టింది, విచారణ జరిగింది. మన 11 రోజులు మాత్రం ఎవరి స్క్రీన్ మీదా ఎర్రగా వెలగలేదు.

ఎందుకంటే టికెట్ ప్రయారిటీ రెండు విషయాల మీద తేలుతుంది: ఎంతమందికి దెబ్బ, ఎంత తొందర. పట్టికలో మొదటిదే బరువు. సిటీలో లక్షమందికి యాప్ ఆగితే పీ-1, మూడొందల సిమ్ములున్న కొండ టవర్ పీ-4. పైగా అగ్రిమెంట్‌లో లెక్క సగటు. వెయ్యి టవర్లలో 999 ఏడాదంతా నడిచి ఒక్కటి ఏడాదంతా పడుకున్నా 99.9 శాతం వస్తుంది, రిపోర్టు పచ్చగా ఉంటుంది! ట్రాయ్ 2024 నిబంధనల్లో సర్వీసు 24 గంటలు దాటి ఆగితే పోస్ట్‌పెయిడ్‌కి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్‌కి వ్యాలిడిటీ పెంచాలి అని ఉంది. అదీ జిల్లా లెక్కనే. మన గూడెం ఏ లెక్కలోనూ పడదు.

మేం అడిగేది ఆ పట్టికలో ఇంకొక్క గడి: "ఇక్కడ వేరే సిగ్నల్ ఉందా?" సిటీలో ఒక టవర్ పోతే పక్క టవర్ అందుకుంటుంది. కొండ మీద అందుకునేది లేదు. ఈ ఒక్క గడి ఉంటే అదే టవర్ పీ-2 అవుతుంది. పీ-2 అయినంత మాత్రాన బ్యాటరీ దానంతటదే కొండెక్కదు, కొండచరియ పడితే దారీ ఉండదు, తెలుసు. కానీ గడియారం మొదలవుతుంది, ఎవడో ఒకడు జవాబు చెప్పాలి.

మాలో ఒకరు రివ్యూ మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే "అగ్రిమెంట్‌లో లేదు కదా" అన్నారు. నిజమే, లేదు. రాసిన గదిలో మన ఊరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు మరి. క్లౌడ్‌కి మారేటప్పుడు పాత పట్టికలన్నీ మళ్ళీ రాస్తారు. ఆ రాత ఇప్పుడే జరుగుతోంది. రేపు టికెట్లు మెషీన్లే వర్గాలు చేస్తాయి, పట్టికలో లేనిది మెషీన్‌కీ తెలీదు.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందరూ కోడింగ్ వైపే పరిగెత్తకండి, ఇటూ చూడండి. అమీర్‌పేటలో "క్లౌడ్ కోర్సు, జాబ్ గ్యారంటీ" అంటే అమ్మానాన్నల చేత అప్పు చేయించి కట్టకండి. మాలో ఇద్దరం కట్టి మోసపోయాం. ముందు నెట్‌వర్కింగ్, లినక్స్ గట్టిగా నేర్చుకోండి, ఐటిల్ సర్టిఫికెట్ తర్వాత. నైట్ షిఫ్టులుంటాయి, మొదట్లో కాంట్రాక్టు మీదే తీసుకుంటారు, దాచడం ఎందుకు.

ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్ళు మీ పట్టికలో అలాంటి గడి ఉందో లేదో చెప్పండి, క్లయింట్ పేరు వద్దు. ఊళ్ళో ఉన్నవాళ్ళు టవర్ పడిన తేదీ, టైము, మళ్ళీ లేచిన టైము, ఫిర్యాదు నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఈసారి మీటింగ్‌కి ఆ నోట్‌బుక్ పట్టుకెళ్తాం.