ఒకే పెట్టెలో రెండు కాపురాలు

పిల్లలూ! మీ ఇంట్లో పాత కంప్యూటరు ఏదైనా దుమ్ముకొట్టుకుని ఒక మూల పడి ఉన్నదా? ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి వేసెయ్యకుండా ముందు ఈ సంగతి వినండి.

భద్రాచలంలో మా అక్కయ్య వాళ్ళున్నారు. మా బావ చాలాకాలం శుభలేఖలు, కరపత్రాలు కంపోజుచేసే చిన్న దుకాణం నడిపాడు. దుకాణం మూసేశాక, 2012లో కొన్న కంప్యూటరు ఇంటికి చేరింది. దానికున్న మెమరీ రెండు జీబీలు. దాన్ని నడిపేది విండోసు 7. ఆ విండోసుకు కంపెనీవారు 2020 జనవరి 14తో మరమ్మతులు పంపటం మానేశారు. అంటే తలుపు గొళ్ళెం ఊడిపోయిందన్నమాట. ఇంటర్నెట్టుకు కలిపితే ఏ దొంగ ప్రోగ్రాము అయినా లోపలికి దూరవచ్చు. పోనీ, కొత్త విండోసు వేద్దామంటే రెండు జీబీలు దానికి ఏ మూలకూ చాలవు.

మొన్న వానాకాలంలో నేను వెళ్ళినప్పుడు, "ఇక దీన్ని తూకానికి అమ్మేద్దాం," అన్నాడు బావ. ఏడో తరగతి చదివే మా మేనకోడలు మాత్రం పెట్టెకు అడ్డంగా నిలబడింది. ఎందుకంటే 2013లో దుమ్ముగూడెం వైపునుంచి ఒక కోయ అవ్వ, మనవడి పెళ్ళి శుభలేఖలకోసం దుకాణానికి వచ్చి, వాన వెలిసేదాకా కూర్చుని రేల పాటలు పాడిందట. బావ వాటిని రికార్డుచేసి అందులో దాచాడు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటలకు మరో ప్రతి కూడా లేదు!

"మామయ్యా, విండోసు తీసేసి లినక్సు వేస్తే పాత కంప్యూటర్లు బాగా నడుస్తాయటగా? కానీ పాటలు పోతాయేమో!" అన్నది అమ్మాయి.

"విండోసును వెళ్ళగొట్టటం దేనికి? పక్కనే లినక్సుచేత కూడా కాపురం పెట్టిద్దాం," అన్నాను నేను.

నిజానికి విండోసుతో ఇంకా పని ఉన్నది. బావ చేసిన శుభలేఖలన్నీ పేజ్‌మేకరులో అను అక్షరాలతో కూర్చినవి. ఆ ఫైళ్ళలో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వాటికి తెరమీద తెలుగు వేషం వేస్తారు. ఆ వేషం దొరకనిచోట "చిరంజీవి" కాస్తా పిచ్చిగీతలుగా కనిపిస్తుంది.

ఇంతకూ విండోసు, లినక్సు అంటే ఏమిటి? మీరు మీట నొక్కితే తెరమీద అక్షరం పడాలన్నా, పాట వినిపించాలన్నా కంప్యూటరులోని భాగాలన్నిటిమీదా ఒకరు పెత్తనం చెయ్యాలి. ఆ పెత్తనం చేసేదే ఆపరేటింగ్ సిస్టం. ఒకసారికి ఒకరిదే పెత్తనం. మెమరీని సంత జరిగే మైదానం అనుకోండి. సంతరోజున అంగళ్ళు వెలుస్తాయి, పొద్దు గూకగానే ఎత్తేస్తారు, మర్నాడు అక్కడే పిల్లలు ఆడుకుంటారు. కాని డిస్కు అలాకాదు. సరుకు నిలవ ఉండే చోటది, అందుకని ఎవరి భాగం వారికి ఉండాలి.

ఈ భాగాలు పంచటం ఎలాగో భద్రాచలం పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. ఒక్క చెట్టు కదలలేదు, ఒక్క గుడిసె జరగలేదు. మారినదల్లా కాగితంమీది గీత. అయినా ఎవరు ఏ కచేరీకి పోవాలో ఆ గీతే చెపుతుంది.

పాతరకం కంప్యూటరులో ఆ కాగితం డిస్కు మొట్టమొదట ఉంటుంది. దాని పరిమాణం 512 బైట్లు. యూనికోడు పద్ధతిలో తెలుగు రాస్తే అందులో సుమారు 170 గుర్తులు పడతాయి, పోస్టుకార్డంత ఉత్తరం కూడా కాదు! అందులో 446 బైట్లు కంప్యూటరు లేవగానే చేయవలసిన పనికి, 64 బైట్లు సరిహద్దుల పట్టికకు, చివరి రెండూ ముద్రకు. పట్టికలో ఒక్కొక్క భాగానికి 16 బైట్లు, కాబట్టి నాలుగు భాగాలకే చోటు. ఇంకా కావాలంటే ఒక భాగాన్ని మళ్ళీ లోపల పంచుకోవాలి. ఈ చీటీ చెడితే డిస్కులో సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది గాని, ఏది ఎవరిదో చెప్పే దిక్కుండదు.

అందుకే మొదట పాటలనూ శుభలేఖలనూ రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించాం. ఒకటి అక్కయ్య బీరువాలో పెట్టింది. రెండోది అమ్మాయి ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తరవాత రెండురోజులు ఊరికే కూర్చున్నాం. గోదావరి 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. కరెంటు వస్తూ పోతూ ఉన్నది. సరిహద్దులు మారుతున్నప్పుడు కరెంటు పోయిందా, గీత సగం పాతదీ సగం కొత్తదీ అవుతుంది. "ఇంకా ఎప్పుడు మామయ్యా?" అని అమ్మాయి గంటకొకసారి అడుగుతూనే ఉన్నది. దాన్ని కూర్చోబెట్టి లైనస్ టోర్వాల్డ్స్ కథ చెప్పాను.

1991లో అతను ఫిన్లండులోని హెల్సింకీలో 21 ఏళ్ళ విద్యార్థి. అతని కంప్యూటరులో మినిక్సు అనే వ్యవస్థ ఉండేది. దాని పక్కనే తన సొంత వ్యవస్థను తయారుచేసుకుంటున్నాడు. అదే తరవాత లినక్సు అయింది. ఒకనాడు అతను విశ్వవిద్యాలయానికి ఫోను కలపబోయి, ఆ ఆజ్ఞను మోడెముకు బదులు పొరపాటున డిస్కుకే పంపాడు. దానితో మినిక్సు ఉన్న భాగం కాస్తా పాడయింది! అతను మళ్ళీ మినిక్సు వేసుకోలేదు, తన లినక్సుతోనే సరిపెట్టుకున్నాడు. అతనికి అది చెల్లింది. మా డిస్కులో ఉన్నది అవ్వ పాట.

మూడోనాటికి కరెంటు నిలకడగా వచ్చింది. విండోసు చేతనే దాని భాగాన్ని కుదించి, 320 జీబీల డిస్కులో 60 జీబీలు ఖాళీచేయించాం. తరవాత దాన్ని పూర్తిగా ఆపాం. నిద్రపుచ్చితే చాలదు, నిద్రపోయేది సగంరాసిన లెక్కలు అలాగే వదిలి పడుకుంటుంది. అప్పుడు డెబియన్ అనే లినక్సును పెన్‌డ్రైవునుంచి ఎక్కించాం. పాత కంప్యూటరుకు బరువు కాకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి తెర ఎంచుకున్నాం. ఎక్కించేటప్పుడు అడిగే ప్రశ్నలు కూడా తెలుగులో వచ్చేట్టు పెట్టుకోవచ్చు. తెలుగు లినక్సుకోసం హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు కూడా పాటుపడ్డారు.

ఇక్కడ ఒక వరస తప్పకూడదు. ముందు విండోసు ఉండాలి, తరవాతే లినక్సు. విండోసు వెనకగా వస్తే ఆ 446 బైట్ల చోటు అడగకుండానే ఆక్రమించుకుంటుంది. లినక్సు తెచ్చే గ్రబ్ అనే ద్వారపాలకుడు అలాకాదు. పెట్టె తెరవగానే ఇద్దరి పేర్లూ చూపించి, ఎవరు కావాలని అడుగుతాడు.

తెరమీద రెండు పేర్లూ కనపడగానే అమ్మాయి విండోసు నొక్కింది. శుభలేఖలు పదిలంగా ఉన్నాయి. మళ్ళీ లినక్సు నొక్కింది. "అవ్వ పాటలు విండోసు భాగంలో ఉన్నాయిగా! ఇక్కడికి ఎలా వస్తాయి?" అన్నది.

"సంతలో చూడలేదూ?" అన్నాను. కోయవాళ్ళు తమలో తాము కోయ మాట్లాడుకుంటారు, బేరగాడితో తెలుగు మాట్లాడతారు. బేరగాళ్ళలో చాలామందికి మాత్రం తెలుగు ఒకటే వచ్చు. లినక్సుకు తన భాగమూ చదవటం వచ్చు, విండోసు భాగమూ చదవటం వచ్చు. విండోసుకు పక్కింటి లిపి రాదు.

మర్నాడు తెల్లవారి ఆరింటికి అమ్మాయి విండోసు తెరిచి, "ఇంకా పన్నెండున్నరే మామయ్యా, పడుకో!" అని నవ్వింది. బావ కంగారుపడ్డాడు గాని అది జబ్బు కాదు. కంప్యూటరు లోపల బిళ్ళబ్యాటరీతో నడిచే గడియారం ఒకటున్నది. లినక్సు దానిలో గ్రీనిచ్ కాలం రాసి, చూపేటప్పుడు మనకోసం అయిదున్నర గంటలు కలుపుతుంది. విండోసు ఆ రాసినదే మన ఊరి కాలమనుకుంటుంది. ఊరి కాలమే రాయమని లినక్సుకు ఒక్క ఆజ్ఞ ఇచ్చాం, గొడవ తీరింది.

ఆ వారం అవ్వ మనవడు పనిమీద భద్రాచలం వచ్చాడు. ఆయనతోపాటు ఆయన కొడుకు కూడా ఉన్నాడు. అమ్మాయి లినక్సులో పాట పెట్టింది. అవ్వ గొంతు వెనక బావ ప్రింటరు కరకరమంటున్నది, దానికీ వెనక వాన. కుర్రవాడు కళ్ళు పెద్దవిచేసుకుని విన్నాడు. పాట అయ్యాక, ఎవరికీ ఇవ్వని ఆ రెండో పెన్‌డ్రైవును అమ్మాయి తీసుకువెళ్ళి వాడి చేతిలో పెట్టింది.