క్యాంపర్‌కి పావడా కట్టండి, స్టికర్‌ని నమ్మకండి

"నాలుగు కాలాలకూ పనికొస్తుంది" అని క్యాంపర్ల మీద స్టికర్ అంటిస్తారు. ఆ స్టికర్ మీద నాకు చాలా కోపం. ఆ మాటకి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. టెక్సస్‌లో వచ్చేదీ చలికాలమే, మా నార్త్ డకోటాలో వచ్చేదీ చలికాలమే. ఇక్కడ కొన్ని రాత్రులు మైనస్ 30 సెల్సియస్ దాకా పోతుంది. ఆయిల్ పనికి వచ్చినవాళ్ళు పిల్లలతో క్యాంపర్లలో ఉంటారు. వాళ్ళకి అది సరదా కాదు, ఇల్లు.

కొనేముందు కిందకి వంగి చూడండి. చాలా వాటికి అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని మీద వెండిరంగు ఫాయిల్. అంతే! ఫాయిల్ వేడిని వెనక్కి పంపుతుంది, నిజమే. కానీ దాని ముందు ఖాళీ ఉండాలి. దేనికైనా ఆనుకుని ఉంటే ఆ గుణం పోతుంది. లోపల మాత్రం పెద్ద టీవీ పెడతారు.

"పైపులకి హీట్ టేప్ చుడితే చాలు" అని ఇంకొందరు. కరెంటు పోతే? అసలు దొంగ గాలి. కింద నుంచి వీస్తూ వేడిని ఎత్తుకుపోతుంది. చుట్టూ మూసేస్తే గాలి ఆగుతుంది, భూమిలో ఉన్న వేడి కూడా కొంచెం మనకే మిగులుతుంది. అందుకే స్కర్టింగ్ ముందు, మిగతావి తర్వాత. (దీనికి తెలుగు మాట దొరకలేదు. అమ్మని అడిగితే "పావడా అను" అని నవ్వింది. నాకు అదే నచ్చింది.)

గులాబీ రంగో నీలం రంగో, గట్టి ఫోమ్ షీటు కొనండి. అంగుళానికి ఆర్-5, రెండు అంగుళాలైతే ఆర్-10. గడ్డి మోపులు పెట్టమని చెప్పేవాళ్ళ మాట వినకండి. తడిసి కుళ్ళుతాయి, నిప్పంటుకుంటాయి, ఎలుకలకి అత్తారిల్లు అవుతాయి.

ఫోమ్ కూడా కాలుతుంది. ఫర్నేస్ పొగ గొట్టానికి దూరంగా కొయ్యండి, ఆ గొట్టాన్ని అస్సలు మూయకండి. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే పావడా లోపల అడుగున చేరుతుంది. సిలిండర్లు బయటే ఉంచండి.

మంచు పడ్డాక పారతో తీసి పావడా అంచు చుట్టూ పోయండి. అది కూడా గాలిని ఆపుతుంది, దానికి ఎవరూ డబ్బులు అడగరు.